‘నిండుకున్నాయి’ అంటే లేవని

ఆ ఏడాది నాకు కాలు ఒక్కచోట నిలిచేది కాదు. టీచరు ట్రెయినింగ్ పూర్తయింది గాని ఉద్యోగం దొరకలేదు. ముప్ఫైల నాటి మాట. ధాన్యం ధర పడిపోయి ఊళ్ళన్నీ ఉసూరుమంటున్న కాలం. కొత్త బళ్ళు తెరవడం మాట దేవుడెరుగు, ఉన్న బళ్ళనే ఒకదాంట్లో ఒకటి కలిపేస్తున్నారు. పెంటపాడు పక్కన మా ఊళ్ళో, మిషను బడి వెనకే మా ఇల్లు. పొద్దున్నే వాకిలి ఊడ్చేదాన్ని. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేదాన్ని. చేల గట్టు దాకా నడిచి, అక్కడ నాకు పనేమీ లేక వెనక్కి వచ్చేదాన్ని. మా నాన్న ఆ బళ్ళోనే పంతులు. ఆయన చూసి ఊరుకునేవారు. అమ్మ ఊరుకునేది కాదు.

“కాలు కాలిన పిల్లిలా ఏవిటే ఆ తిరగడం? కాసేపు కూర్చో” అనేది.

కూర్చుంటే సంబంధం మాట వచ్చేది. తాడేపల్లిగూడెంలో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరుగా ఉన్నాయన, మా సంఘం వాళ్ళే. తల్లితో ఒకసారి మా ఇంటికి వచ్చి వెళ్ళాడు. నెమ్మదైన మనిషి. వంక పెట్టడానికి ఏమీ లేదు. అదే నాకు ఇబ్బందయింది. వంక లేని మనిషిని ఎందుకొద్దో చెప్పడం కష్టం. నాన్న ఒకరోజు అన్నం తింటూ, తల ఎత్తకుండా, “ఏమ్మా, మరి ఆ సంగతి?” అన్నారు.

“అలాగే, చూద్దాం నాన్నా” అన్నాను.

మా వైపు ‘చూద్దాం’ అంటే ఏమిటో పసిపిల్లలకి కూడా తెలుసు. చూసేది లేదని దానర్థం. కాని నాన్న పాపం ‘అలాగే’ అన్న ముక్కని పట్టుకున్నారు. నేను ‘చూద్దాం’ అన్న ముక్కని పట్టుకున్నాను. ఇద్దరం నిశ్చింతగా అన్నం తినేశాం.

అలా ఉండగా ఏలూరు నుంచి కబురొచ్చింది. మిషను ఆసుపత్రికి కొత్తగా ఒక నర్సు దొరసాని వచ్చిందనీ, ఆవిడకి తెలుగు నేర్పడానికి చదువుకున్న ఆడమనిషి కావాలనీ. నాన్న “వెళ్తావా?” అని అడిగారు. “బండి ఎప్పుడు?” అన్నాను. ఆ రోజు సోమవారం. “రేపు మంగళవారం, ఎవరైనా బయల్దేరతారా?” అంది అమ్మ. నాన్న నవ్వి, “మనకెందుకా పట్టింపు?” అన్నారు. “పట్టింపు కాదండీ, ఊరికే” అంది. బుధవారం బయల్దేరాను.

దొరసాని పొడుగ్గా, ఎండకి కందిన మొహంతో, ఎప్పుడూ దేనికో తొందరపడుతున్నట్టుండేది. కూర్చున్నా మడమ నేలకి ఆనేది కాదు. ఇద్దరికి ఇద్దరమూ దొరికామనుకున్నాను. ఆవిడ అంతకుముందే ఓడలో వ్యాకరణ పుస్తకం చదువుకుని వచ్చింది. మిగతాది బైబిల్లో, కీర్తనల పుస్తకంలో నేర్చుకుంది. మొదటిరోజు వంటవాడితో, “నేను ఆకలిగొని యున్నాను” అంది. ఆయన ప్రార్థన మొదలైందనుకుని చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

మా మొదటి గొడవ ఆ వంటాయనతోనే వచ్చింది. ఆయన పెద్దవాడు, మర్యాదస్తుడు. ఒకరోజు ఉదయం వరండా మెట్టు మీద నించుని, “అమ్మగారండీ, బియ్యం నిండుకున్నాయండి” అన్నాడు. నిండు అంటే ఏమిటో ఆవిడకి తెలుసు. “చాలా సంతోషము!” అంది. సంతోషమే కాదు, ఆ మధ్యాహ్నం ఊళ్ళల్లో తిరిగి బైబిలు వాక్యం చెప్పే స్త్రీలందరినీ భోజనానికి పిలిచేసింది. వంటాయన నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“అమ్మాయిగారూ, డబ్బాలో గింజ లేదండి. ఆవిడ సంతోషం అంటన్నారేంటండి?”

ఆ పూట ఆసుపత్రి వార్డు వాళ్ళనీ, పక్క కాంపౌండు వాళ్ళనీ అడిగి తెచ్చి వండాం. అందరూ తిన్నారు. వచ్చిన స్త్రీలకి సంగతి తెలిసి కడుపుబ్బ నవ్వారు. దొరసాని నవ్వలేదు. వాళ్ళు వెళ్ళాక నన్ను కూర్చోబెట్టింది.

“టీచరుగారూ, లేని దానిని నిండినది అనుట అబద్ధము కాదా?”

“అబద్ధం కాదండి. ఇంట్లో బియ్యం లేవు అనకూడదండి. అందుకని అలా అంటాం.”

“ఎందుకు అనకూడదు?”

అప్పటిదాకా ఎవరూ నన్నది అడగలేదు. గాలి ఎందుకు పీలుస్తావని అడిగినట్టుంది.

అక్కణ్ణించి నాకు ఓ జబ్బు పట్టుకుంది. ఎవరు నోరు విప్పినా ఇలాంటి మాటలే వినపడసాగాయి. ప్రార్థన మందిరంలో గాలికి దీపం ఆరితే, తుడిచే ఆయన “దీపం కొండెక్కిందండి” అన్నాడు. దొరసాని కిటికీలోంచి బయటికి చూసింది. ఏలూరులో కొండేది? మా నాన్నకి ఇద్దరు తమ్ముళ్ళు. వాళ్ళల్లో పెద్దాయన తివాచీల బజారులో పనుండి వచ్చి నన్ను చూసి వెళ్ళారు. ఎవరని అడిగితే “మా పెద్ద చిన్నాన్నండి” అన్నాను. “పెద్దవాడా, చిన్నవాడా?” అంది. “చిన్నాన్నల్లో పెద్దవారండి.” ఆవిడ పెన్సిలు బల్ల మీద పడేసింది.

అందరికంటే గట్టిగా చిక్కిన దాన్ని నేనే. ఒక సాయంత్రం పాఠం అయిపోయాక “వస్తానండి” అని నా గదికి వెళ్ళిపోయాను. మర్నాడు ఆవిడ ముభావంగా ఉంది. కారణం తెలిస్తే నాకు సిగ్గేసింది. వస్తానన్నాను కదా అని రెండు కప్పులు పెట్టుకుని, టీ చల్లారేదాకా వరండాలో నాకోసం చూసిందట.

“పోవునప్పుడు వస్తాను అందురా?”

“పోతాను అంటే తిరిగిరాని పోకండి. అందుకని వెళ్ళేవాళ్ళు వస్తాననే అంటారు.”

వాళ్ళ గుడ్‌బై కూడా మొదట్లో దేవుడు మీకు తోడుండుగాక అనే మాటేనట. నలిగి నలిగి అలా అయిందట. “కాని మాది వ్యతిరేకము కాదు” అంది. తన భాష గెలిచినట్టు చెప్పింది గాని మొహంలో గెలుపు లేదు.

ట్రెయినింగు రోజుల్లో మాకు తెలుగు చెప్పిన పంతులుగారు అప్పటికి రిటైరై ఏలూరులోనే కాలవగట్టు దగ్గర ఉండేవారు. ఒక శనివారం ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. నేను నించునే ప్రశ్నలన్నీ గుక్కతిప్పుకోకుండా అడిగేశాను.

“కూర్చో అమ్మాయ్. ముందు కూర్చో” అన్నారు. “అలంకార శాస్త్రంలో విపరీత లక్షణ అని ఒకటుంది. చెప్పిన మాటకి సరిగ్గా తలకిందులుగా అర్థం వస్తుంది. పెద్ద ఘనకార్యం చేశావులే అంటాం చూడు, అలాంటిది. కాని నువ్వడిగేవి వెటకారం మాటలు కావు. భయం మాటలు.”

“భయమాండీ?”

“మంగళవారం సంగతే చూడు. మంగళం అంటే శుభం. ఆ వారం మాత్రం శుభకార్యం చెయ్యం. ఎందుకూ? ఆ గ్రహానికి అసలు పేరు అంగారకుడు, అంటే నిప్పుకణిక. దాన్ని నిప్పుకణికా అని పిలిస్తే మీద పడుతుందేమోనని మంగళుడన్నారు. పేరు మార్చారు గాని భయం మారలేదు. స్వస్తి అంటే మేలు జరగాలని. ఇప్పుడు? ఉద్యోగానికి స్వస్తి చెప్పాడు, చదువుకి స్వస్తి చెప్పాడు. పాట చివర మంగళం పాడేవారు, ఇప్పుడు దేనికి మంగళం పాడినా అది అయిపోయిందనే.”

“మరి దీపం కొండెక్కడం?”

“దేవుడుండే కొండకి చేరిందని కొందరంటారు. ఒత్తి చివర నల్లగా కట్టేది కొడి కదా, ఆ మాటే చెడి అలా అయిందని కొందరు. నాకు తెలీదమ్మా.”

ఇంకేవో చెప్పారు. లోపలి నుంచి వాళ్ళావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చి, నా పెళ్ళి మాటేమైందని అడిగారు. “చూద్దాం అన్నానండి” అన్నాను. పంతులుగారు ఫక్కున నవ్వారు. “అదీ ఇందులోదే కదుటే!” అన్నారు.

మజ్జిగ తాగడం పూర్తి చెయ్యలేకపోయాను. కాలవగట్టున నడుచుకుంటూ వస్తుంటే ధాన్యం పడవలు లాగేవాళ్ళు ఎదురయ్యారు. వాళ్ళ తాడుకి అడ్డం వచ్చి తిట్లు తిన్నాను. బియ్యం లేవనడానికి అమ్మకి భయం. పోతాననడానికి అందరికీ భయం. వద్దనడానికి నాకేం భయం? వద్దంటే నాన్న ఏమైనా చేస్తారా? ఏమీ చెయ్యరు. మరి? ఈ ప్రశ్న నాతోపాటు నా గదిలోకి వచ్చింది, మంచం ఎక్కింది, అక్కడే ఉంది.

వానలు వెనక్కి తగ్గాక దొరసాని కొల్లేటి లంకల్లో మందులివ్వడానికి బయల్దేరింది. నేను మాటసాయానికి. ఏలూరు కాలవలో పడవ మీద వెళ్ళి, సరస్సు అంచున దోనెలు మారాం. తాటిమాను తొలిచి చేసే దోనె, కదిలితే ఒరుగుతుంది. కదలకుండా కూర్చోవడం నాకూ చేతకాదు, ఆవిడకీ చేతకాదు. గెడ వేసే ఆయన దారిపొడవునా మా ఇద్దర్నీ బతిమాలుతూనే ఉన్నాడు. చుట్టూ కిక్కిస గడ్డి, తూడు, దాని మధ్య నీళ్ళు ఎంతదూరం ఉన్నాయో తెలియనంత దూరం.

ఒక లంకలో గట్టు మీద మాకు పాక ఇచ్చారు. మూడోనాడనుకుంటాను, పొద్దున్నే నేను లంక అవతలి కొసకి వెళ్ళాను. అక్కడొక బాలింతకి జ్వరమని తెలిసి తీసుకురావడానికి. తిరిగొచ్చేసరికి దొరసాని మొహం వెలిగిపోతోంది.

“టీచరుగారూ, మీరు లేకుండ నేను ఒక స్త్రీతో మాటలాడితిని. సమస్తమును గ్రహించితిని. ఆమె భర్తకు పురుగు ముట్టినది. పూతమందు ఇచ్చి పంపితిని.”

“ముట్టిందనా, కుట్టిందనా?”

“ముట్టినది. ముట్టుట అనగా తాకుట. నాకు తెలియును.”

నా చేతిలో బాలింత తాలూకు బట్టల మూట ఉంది. అది ఎక్కడ పడేశానో తెలీదు. “అమ్మగారూ, అది పామండీ! పురుగు కుట్టింది అంటే పురుగు. పురుగు ముట్టింది అంటే పామే!”

ఆవిడ మొహం అలా తెల్లబోవడం నేను ముందెప్పుడూ చూడలేదు. సంచీ తీసుకుని నాకంటే ముందు గట్టు దిగింది. ఆ మనిషి ఇల్లు పక్క లంకలో. దోనె ఎక్కాం. గెడ పోటుకి దోనె కదులుతోంది గాని, నా ఒంట్లో తొందరకి అది కదులుతున్నట్టే లేదు. చేతులు నీళ్ళల్లో పెట్టి తోసేశాను. “అమ్మా, మునుగుతామమ్మా” అని గెడాయన అరిచాడు. తూడు కాడలు చేతికి చుట్టుకుని చర్మం లేచింది. అది కూడా తర్వాతే తెలిసింది.

చూరు కింద నులకమంచం మీద మనిషిని పడుకోబెట్టారు. మోకాలి కింద గోనెతాడు బిగించారు. పాదం వాచి నున్నగా మెరుస్తోంది. మేమిచ్చిన పూతమందు భార్య శ్రద్ధగా కాలంతా రాసింది. చేపల వల వెయ్యడానికి గడ్డిలో కాలు పెడితే చురుక్కుమందట. ఏ పామో ఎవరూ చూడలేదు.

దొరసాని తాడు విప్పి గుడ్డతో మళ్ళీ కట్టింది. కత్తి కాల్చి గాటు పెట్టింది. ఊదారంగు మందు పలుకులు గాయంలో నింపింది. అప్పటికి మాకు తెలిసిన వైద్యం అదే. ఆ మనిషి అరవలేదు, భార్య చెయ్యి పట్టుకుని చూరు కేసి చూస్తూ ఉన్నాడు. కట్టు అయ్యాక ఆ భార్యని అవతలికి పిలిచి అడిగాను, కోపంగానే అడిగాను.

“పామని చెప్పకూడదూ?”

ఆవిడ నన్ను వింతగా చూసింది. “పేరెట్టి పిలిస్తే మళ్ళీ వస్తాదండీ. మీకు తెలవదా?”

తెలుసు. నాకు బాగా తెలుసు. మా ఇంట్లో దేవుణ్ణి మార్చుకుని రెండు తరాలైనా, చీకటి పడ్డాక ఆ మాట అమ్మ అనదు, నేనూ అనను.

సాయంత్రం దాకా దొరసాని మంచం పక్కనే పీట వేసుకుని కూర్చుంది. నాకు కూర్చోవడం చేతకాలేదు. పాక చుట్టూ తిరిగాను. ఆరబోసిన వలల్ని ఏ కారణమూ లేకుండా సర్దాను. జ్వరం పెరిగింది. మా పాక దగ్గర బాలింత ఎదురుచూస్తోందని కబురొస్తే, చెయ్యవలసినవన్నీ భార్యకి నా చేత రెండేసిసార్లు చెప్పించి లేచింది. “ఎటులున్నదో ఉదయమున తెలుపవలెను” అంది. ఆ భార్య తమ్ముడొకడు తానొచ్చి చెబుతానన్నాడు.

తెల్లారేసరికి సరస్సంతా మంచు కమ్మి ఉంది. దోనె కనపడదు, గెడ నీళ్ళల్లో పడే చప్పుడు మాత్రం వినపడుతోంది. నీటి అంచుకి దిగాను. దొరసాని నా వెనక వచ్చి నించుంది. మంచులోంచి కేక వినపడింది.

“ఒళ్ళు చల్లబడిందండోయ్!”

నేను అక్కడే బురదలో కూలబడ్డాను. అమ్మకి తమ్ముడు, నా మేనమామ, పోయినరోజు మా ఇంటి ముందు అన్న మాట అదే. ఒళ్ళు చల్లబడిపోయింది. ఆ మాట చెవిన పడితే ఆడవాళ్ళు గుండెలు బాదుకోవడం మొదలెడతారు.

“జ్వరము తగ్గినది!” అంది దొరసాని, చప్పట్లు కొట్టి.

“కాదమ్మగారూ…” అన్నాను.

“చల్ల అనగా శీతలము. జ్వరము లేదు. ఏల ఏడ్చుచున్నారు?”

దోనె మంచులోంచి బయటికి వచ్చింది. అతను గెడ మీద వాలి పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. “రాత్రల్లా పెనంలా కాలిపోయాడండి. కోడికూత ఏళకి చల్లబడిందండి. గంజి కావాలంటన్నాడండి.”

నేను బురదలోనే ఉన్నాను. ఆవిడ చెప్పిందే నిజం. నాకు ఆ మాటకి రెండో అర్థం తెలుసు కనక బెదిరిపోయాను. ఆవిడకి తెలియదు కనక బెదరలేదు. సంతోషించాల్సిన చోట నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. ఆవిడ చెయ్యి పట్టి లేపితే లేచాను. అప్పుడు ఇద్దరం నవ్వాం, ఏడ్చాం కూడా.

అతని పాదం మానడానికి చాలారోజులు పట్టింది, చిటికెనవేలు పోయింది. మనిషి దక్కాడు. అది నిజంగా విషప్పామో కాదో, మందు పనిచేసిందో, అతని ఆయుష్షే గట్టిదో నేను చెప్పలేను. వెనక్కి వచ్చేటప్పుడు భార్య మాకు ఎండుచేపలు మూటకట్టి ఇచ్చింది. దోనెలో దొరసాని ఆ మూట ముడి విప్పి మళ్ళీ కట్టింది.

“ఏ పురుగు అని నేను అడుగవలసినది” అంది. “అర్థమైనదనుకొని అడుగలేదు.” ఆ తర్వాత నాకేసి తిరిగింది. పెళ్ళి సంగతి ఎప్పుడో పాఠం మధ్యలో ఆవిడకి చెప్పి ఉన్నాను. “మీ తండ్రిగారికి మీ మాట అర్థమైనదా?”

“అయ్యే ఉంటుందండి.”

“అడిగితిరా?”

ఏలూరు చేరేసరికి జవాబు నాకోసం వరండాలో కూర్చుని ఉంది. మా పెద్ద చిన్నాన్న. చేతిలో పళ్ళ బుట్ట, మొహం నిండా నవ్వు.

“పెళ్ళి ప్రధానానికి రోజు పెట్టేశాం అమ్మాయ్. వచ్చే నెల మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక. గూడెం వాళ్ళు కూడా ఒప్పుకున్నారు.”

“నేను ఒప్పుకున్నానని ఎవరు చెప్పారు చిన్నాన్నా?”

“అదేంటమ్మా! అలాగే అన్నావట కదా?”

మర్నాడు పొద్దున పాసెంజరెక్కాను. పెంటపాడు వెళ్ళడానికి తాడేపల్లిగూడెంలోనే దిగాలి. దిగాక కాళ్ళు ఊరి బండ్ల వైపు కాక బజారు వైపు నడిచాయి. ముందు ఆ కాంపౌండరుకే చెప్పాలనిపించింది. నాన్న దగ్గర మాట తడబడుతుందేమోనని భయం. కొత్తవాళ్ళ దగ్గర ఒకసారి నోరు తిరిగితే, తర్వాత ఇంట్లో తిరుగుతుందనుకున్నాను.

డిస్పెన్సరీలో జనం పల్చగా ఉన్నారు. ఆయన కిటికీ వెనక నించుని సీసాకి కొలత కాగితం అంటిస్తున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టి కంగారుపడ్డాడు. “ఏవండీ, ఒంట్లో బాగాలేదాండీ?”

“బాగానే ఉందండి. మీతో ఒక మాట చెప్పాలండి.”

పక్కన రైసు మిల్లు గోడ వెంబడి నడిచాం. గాల్లో ఊక ఎగురుతోంది. మిల్లు రొదకి గట్టిగా మాట్లాడాలి. మర్యాదగా, మెత్తగా చెబుదామనుకుని మనసులో కట్టుకున్న వాక్యాలన్నీ ఆ రొదలో పనికిరాకుండా పోయాయి.

“ఈ పెళ్ళి నాకొద్దండి!” అని అరిచాను.

ఆయన ఆగిపోయాడు. భుజాలు కిందికి దిగాయి. “హమ్మయ్య!” అన్నాడు.

“ఏవిటండీ?”

“నాక్కూడా వద్దండి. మా అమ్మ అడిగితే నీ ఇష్టం అమ్మా అన్నాను. నా ఇష్టం కాదని ఆవిడకి తెలుస్తుందనుకున్నానండి. తెలిసే ఉంటుంది. తెలీనట్టు ఊరుకుంది.” ఇంకా చెప్పాడు. ఆయన మనసు ఇంకొకచోట ఉందట. ఆ అమ్మాయి తండ్రి లేని పిల్ల, భీమవరం దగ్గర ఊరు. ఈయన తల్లికి ఇష్టం లేదు. ఇవన్నీ ఎన్నాళ్ళుగానో మూసిపెట్టినవి కాబోలు, ఆగకుండా చెప్పుకుపోయాడు.

నాకు ఊపిరాడింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఇప్పటికీ ఆ మంట ఎందుకో పూర్తిగా తెలియదు. వద్దన్నది నేను. కాని మరీ అంత హమ్మయ్య ఎందుకు? కాస్త బాధపడితే ఏం పోయింది?

“మరి పెద్దవాళ్ళకి ఎవరు చెబుతారండి?” అన్నాను, పొడిగా.

“మీరు చెప్పండి. నేను మీ పక్కన నించుంటాను” అన్నాడు. పిరికివాడే. అయినా డాక్టరుగారిని అడిగి ఆ పూట సెలవు పెట్టి, నిజంగానే నాతో బయల్దేరాడు.

ఒకే ఒంటెద్దు బండిలో ఇద్దరం దిగేసరికి మా వీధి వీధంతా బయటికి వచ్చింది. అమ్మ మమ్మల్ని చూసి పొంగిపోయింది. పక్కింటావిణ్ణి కేకేసి బెల్లం తెమ్మంది. నాన్న బడిలోంచి సుద్ద చేతులతోనే వచ్చారు. కాంపౌండరు గుమ్మం దగ్గర స్తంభం పక్కన, ఇంకో స్తంభంలా నించున్నాడు.

“నాన్నా, నాకీ పెళ్ళి వద్దు” అన్నాను.

“వద్దంటే… ఈ నెల వద్దనా? తర్వాత చూద్దామనా?”

“కాదు నాన్నా. వద్దంటే వద్దనే.”

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నాన్న చేతులకున్న సుద్ద దులుపుకున్నారు. పోయాక కూడా దులుపుతూనే ఉన్నారు. “నువ్వు అలాగే అన్నావు కదమ్మా” అన్నారు, చాలా మెల్లిగా. కోప్పడితే తట్టుకునేదాన్ని.

“అన్నాను. చూద్దాం అని కూడా అన్నాను నాన్నా. మీకు తెలుస్తుందనుకున్నాను.”

“తెలిసింది” అన్నారు ఆయన. నేను తలెత్తి చూశాను. “తెలిసింది గాని, తెలియలేదనుకుంటే పని జరుగుతుందేమోనని ఊరుకున్నాను.” తర్వాత గుమ్మం వైపు తిరిగి, “ఎండన పడి వచ్చావు. భోంచేసి వెళ్ళు బాబూ” అన్నారు.

సంగతి అంతటితో ఆగలేదు. కాంపౌండరు తల్లి మా సంఘం పెద్దల ముందు మా ఇంటిని నానా మాటలూ అంది. రైలు దిగి మగవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళిన పిల్ల అనే పేరు చాలాకాలం నా వెనకే తిరిగింది. అమ్మ నాతో మాట్లాడేది గాని పేరు పెట్టి పిలిచేది కాదు. ఆయన మాత్రం తల్లితో ఏడాది పోట్లాడి భీమవరం అమ్మాయినే చేసుకున్నాడు. పెళ్ళికి పిలిచాడు. నేను వెళ్ళలేదు.

దొరసాని మిషనువాళ్ళు పెట్టే తెలుగు పరీక్షలో నెగ్గింది. ఆవిడకి నా అవసరం తీరిపోయింది. అప్పుడే ఆవిడే పైవాళ్ళతో మాట్లాడి, కొల్లేటి లంకలో పిల్లలకి ఒక పాక బడి పెట్టించింది. టీచరుగా వెళ్తావా అని అడిగింది. ఈసారి నేను చూద్దామనలేదు. వెళ్తానన్నాను.

వెళ్ళిన మొదటి నెల్లోనే తప్పు చేశాననుకున్నాను. సాయంత్రమయ్యేసరికి చుట్టూ నీళ్ళు, పైన గూడకొంగల రెక్కల చప్పుడు, మాట్లాడే తోడు లేదు. గట్టు ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేదాన్ని. దోమలు, చేపల వాసన, తడిసిన పలకలు. చేపలు పడే రోజు ఒక్క పిల్లాడూ రాడు. వచ్చిన రోజు ఒక్కడూ కూర్చోడు. వాళ్ళని కూర్చోండి అనడానికి నాకు ముఖం చెల్లేది కాదు.

వానలకి ముందు నాన్న చూడడానికి వచ్చారు. దోనె అంచులు రెండు చేతులా పట్టుకుని, గొడుగు చంకలో ఇరికించుకుని వచ్చారు. బళ్ళో వెనక బెంచీ లేదు, తాటాకు చాప మీదే కూర్చుని పాఠమంతా విన్నారు. పిల్లలు ఆయన గొడుగు విప్పి మూసి ఆడుకున్నారు. వెళ్ళేముందు నీటి అంచున ఆగి అడిగారు.

“నీకిక్కడ బాగుందా అమ్మా?”

“బాగాలేదు నాన్నా” అన్నాను. “అయినా ఉంటాను.”

ఆయన నా మొహంలోకి చూసి, తల ఊపి, దోనె ఎక్కారు. కదలకుండా కూర్చోమని గెడాయన ఆయనకి చెబుతున్నాడు. పాకలోంచి పిల్లలు ఏదో విరగ్గొట్టిన చప్పుడైంది. నేను వెనక్కి పరుగెత్తాను.